రాతి అడుగువైపు

కుప్పం పాలిషింగ్ యార్డులో
ఇరవై తొమ్మిదేండ్లుగా నాది అక్షరాలు కొట్టే పని.
పచ్చరాయి, నల్లరాయి,
అన్నీ సమాధిరాళ్లే, అన్నీ సముద్రం దాటేవే.
కాగితం మీద పేరు వస్తుంది.
చదవను, చూస్తాను.
వంకరను వంకరగా, చుక్కను చుక్కగా దించుతాను.
ఎవరి మొగుడో, ఎవరి తల్లో
నా ఉలి కింద ఒక పూట పడుకుని
మద్రాసు హార్బరుకు లారీ ఎక్కుతారు.

మా తాత తిమ్మరాయప్ప
ఈ ఊరి స్టేషన్లోనే బెంగుళూరు రైలెక్కినాడు.
పట్టాలేసే కూలికి పోతున్నానని చెప్పి
తంబీల పటాలంలో చేరినాడు.
మా నాయన అప్పటికి అవ్వ కడుపులో ఐదు నెలలు.

ఇటలీ అంట.
ఏరంట, చలికాలమంట,
పేల్చేసిన వంతెన పక్కనే
రాత్రికి రాత్రి ఇంకో వంతెనంట.
అవతలి గట్టు నుంచి గుండ్లు కురుస్తా ఉంటే
మెడలోతు నీళ్లల్లో నిలబడి
తెప్ప కట్టిన తాడు వదల్లేదంట.
తెల్లారేసరికి లారీలన్నీ దాటినాయి.
ఆ తాడును చేతుల్లోంచి విడిపించేదానికి
ఇద్దరు మనుషులు పట్టినారంట.

ఇదంతా కాగితంలో ఉన్నింది.
చదివింది మిషన్ ఆసుపత్రి కాంపౌండరు దైవసహాయం.
కాగితంతో పాటు ఒక వెండి బిళ్ళ,
దాని మీద రాజుగారి తల.
అవ్వ దాన్ని రెండు వైపులా తిప్పి చూసి
ఒకటే అడిగిందంట:
"తల ఏ దిక్కుకు పెట్టినారు?"

మాలో కాల్చరు, పూడుస్తారు.
దక్షిణానికి తల, మూడోనాడు పాలు.
కాంపౌండరు కాగితాన్ని మళ్లీ మొదట్నుంచి చదివినాడు.
అడ్డవరుస నంబరుంది,
నిలువువరుస నంబరుంది,
దిక్కు లేదు.

పింఛను పుస్తకంలో వేలిముద్ర వేసినప్పుడల్లా
చిత్తూరు ఆఫీసులో అడిగేది.
ఒక గుమాస్తా నవ్వినాడు.
ఇంకొకాయన, పాపం, జాబు రాస్తానన్నాడు,
బదిలీ అయిపోయినాడు.
బోరు వేసేటప్పుడు నాయన బిళ్ళను సేటు కాడ కుదువపెట్టినాడు.
సేటు గీటురాయి మీద రుద్ది
"వెండి మంచిదే, తూకం తక్కువ" అన్నాడు.
నీళ్లు పడలేదు. బిళ్ళ తిరిగి రాలేదు.
"రాజు తలే కదా పోయింది" అనింది అవ్వ.

అవ్వను గుడుపల్లె దోవలో
పట్టాలకు కనిపించే మిట్ట మీద పూడ్చినాం.
దక్షిణానికి తల.
పక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలినాం.
అందులో ఇప్పుడెవరో ఉలవలు చల్లుకుంటున్నారు.

పోయిన కార్తీకంలో ఒక లోడు.
పెట్టెలు యాడికని అడిగితే
సూపర్‌వైజరు షబ్బీరు చెప్పినాడు, ఇటలీ.
నలభై రెండు రాళ్లు,
ముసలితనంలో మంచం మీద పోయినోళ్లవి,
పాపం వాళ్లకేం తెలుసు.
ఆ రాత్రి షిఫ్టులో
రాయిని బోర్లించి, పాలిషు లేని అడుగువైపు,
మట్టిలోకి దిగే కాడ,
రాగిగింజంత చుక్క, దాని వెనక ఒక గీత.
చుక్క కాడ ఒకే అక్షరం: ద.

పదిహేడో రాయికి షబ్బీరు టార్చితో వచ్చినాడు.
చూసినాడు. వేలితో తడిమినాడు.
నా కూలి పోయిందనుకున్నా.
"మా పెద్దబ్బ బర్మాలో ఉండాడు" అన్నాడు.
"పక్కనే ఒక 'ప' కూడా కొట్టు, మొహం పడమటికి."
ఈ లోడు అటు పోదు కదన్నా అంటే
"పోకుంటే ఏం, కొట్టు."

ఆ రాయే బద్దలైంది. చెయ్యి వణికింది నాకు.
కూలిలో మూడు వందలు కోత.

మిగతా నలభై ఒకటీ పోయినాయి.
ఏ రాయి ఏ గడ్డలో దిగిందో,
నేను కొట్టిన దక్షిణం ఆడ ఎటు తిరిగిందో.

నిన్న మిట్ట మీదికి పోయినా.
ఉలవచేను పూతకొచ్చింది.
ఆ చోట్లో పూలు తొక్కకుండా కూచుని
క్యారియరు విప్పినాను.
సంగటి ఇంకా వెచ్చగానే ఉంది.
బెంగుళూరు రైలు పోయింది.
ఎందుకో లెక్కపెట్టినాను,
ఇరవై రెండు పెట్టెలు.