బల్లకు రెండో కొస

గ్రిమ్స్‌బీలో ఆదివారం మధ్యాహ్నం
మెథడిస్టుల హాలు మాదవుతుంది,
నాలుగు గంటలసేపు, అద్దెకి.
హీటరు వేడెక్కేసరికి ప్రసంగం అయిపోతుంది.
కోట్లు విప్పకుండానే పాడతాం,
ఆవిరీ పాటా ఒకే నోట్లోంచి వస్తాయి.

వారమంతా చేపలు కోసే చేతులు,
ముసలివాళ్ళ పక్కలు మార్చే చేతులు
ఇక్కడ ఒకదాన్నొకటి పట్టుకుని
"వందనాలు బ్రదర్" అంటాయి.
ఎన్ని నిమ్మచెక్కలు రుద్దినా పోని ఆ వాసనే
మా అందరి ఇంటిపేరు.

ఈ బ్రదర్ అనే మాట ఉందే,
చిల్లర లాంటిది.
ఎవరి జేబులోనైనా మోగుతుంది,
ఎవరికైనా ఇచ్చేయొచ్చు.
కృపావరం గారు నాకూ ఇచ్చారు
ఈ ఊరొచ్చిన మొదటి వారమే,
తన పాత స్వెటరుతో కలిపి.
ఆ స్వెటరు ఇప్పటికీ వేసుకుంటున్నాను.
అబద్ధమెందుకు, వెచ్చగానే ఉంటుంది.

తర్వాతెప్పుడో ఒక మధ్యాహ్నం
ఐస్‌క్రీం డబ్బాలో తెచ్చిన పలావు వడ్డిస్తూ
ఆయన భార్య అడిగింది,
"అన్నయ్యగారూ, మీది ఏ మిషను?"

మనవాళ్ళకి తెలుసు ఆ ప్రశ్న.
అది గుడి పేరు అడగదు,
ఊరికి ఏ పక్క పుట్టావని అడుగుతుంది.
చెప్పాను.
గరిటె ఆగలేదు. ముక్కలూ తగ్గలేదు.
వాళ్ళ ఒబేదుకీ మా హెప్సిబాకీ మధ్య
నడుస్తున్న పెళ్ళిమాట మాత్రం
మరుసటి వారం నుంచి నడవడం మానేసింది.

నేనే వెళ్ళి అడిగాను,
కారు పార్కులో, వానలో.
ఆయన నవ్వారు.
"మనం అన్నదమ్ములం కదా బ్రదర్,
అన్నదమ్ముల పిల్లలకి పెళ్ళేంటి?"

ఎంత బాగా చెప్పాడు!
ముందు నేనూ నవ్వేశాను.
ఇంటికొచ్చి తాళం తీస్తుంటే అర్థమైంది.
ఒకే గిన్నెలో ముంచుకు తినేంత తమ్ముణ్ణి,
వియ్యంకుణ్ణి కాలేనంత తమ్ముణ్ణి.

రెండేళ్ళు.
హెప్సిబా పెళ్ళి లీడ్స్‌లో అయింది, సుఖంగా ఉంది.
అది మరిచిపోయింది, మోస్తున్నది నేనే.
నెలకోసారి ఆయన చేతినుంచే ద్రాక్షరసం,
చిన్న ప్లాస్టిక్ గ్లాసులో.
"అందరికోసం" అంటారాయన.
ఆ అందరిలో నేనెక్కడున్నానో
వెతుక్కుంటూ మింగుతాను.
మింగినప్పుడల్లా గొంతులో ముల్లు.
చేపలు కోసేవాడికి ముల్లు సంగతి తెలీదా.

అయినా ఆరాధన అయ్యాక బల్ల మోయాలి.
సోమవారం అక్కడ పసిపిల్లలు ఆడుకోవాలి.
పాత ఓకు బల్ల, మడత పడదు,
ఒక్కడివల్ల అయ్యే పని కాదు.
కుర్రాళ్ళు కుర్చీలు సర్దుకుపోతారు,
బల్ల కొసలు ఎలాగో
ఎప్పుడూ మా ఇద్దరికే మిగుల్తాయి.

సామాన్ల గది గుమ్మం ఇరుకు.
ఒకరు వెనక్కి నడవాలి.
రెండేళ్ళూ వెనక్కి నడిచింది నేనే.
ఆయనేమీ చెప్పరు.
అక్కడ మెట్టుందని నా మడమకే తెలుసు.

నిన్న ఎందుకో
ఆయనే వెళ్ళి ఆ కొస దగ్గర నిలబడ్డారు.
తాళాల గుత్తి నార్మన్ ముసలాయన
తలుపుని బూటుతో ఆపి పట్టి,
మమ్మల్ని ఎగాదిగా చూసి, తన ఇంగ్లీషులో అడిగాడు,
"మీరిద్దరూ ఒకతల్లి పిల్లలా?
నడక ఒకేలా ఉందే!"

బల్ల ఆగింది.
బరువు ఎవరూ దించలేదు.
అవునంటే అబద్ధం,
కాదంటే అంతకన్నా పెద్దది.

తలెత్తాను.
వారం వారం ఎదురుగానే ఉన్నా చూడని మొహం.
ముసలివాడైపోయాడు.
"వెనక నాకు కనబడదు," అన్నారు,
నెమ్మదిగా, తెలుగులో,
"నువ్వే చెప్పాలి."

నాకు రావలసిన మాట అది కాదు.
కానీ "మీరు" మీంచి "నువ్వు" మీదికి
ఒక మెట్టు దిగింది ఆ గొంతు.
అడుగు చప్పుడు విన్నాను.

"ఒక్కడుగు," అన్నాను.
"ఇంకొక్కటి.
మెట్టుంది, చూసుకో
అన్నా."

బల్లకాలు ఎప్పట్లాగే గోడకి గీసుకుంది.
నార్మన్ లైట్లు ఒక్కొక్కటే ఆర్పుతున్నాడు.
మేమింకా ఆ ఇరుకు గదిలోనే ఉన్నాం,
కొసలు వదలకుండా.