ఎడమచేతి కాపలాదారు

తెల్లారి నాలుగింటికి రాయపురంలో
ముందు లేచేవి పడవల ఇంజన్లు.
తర్వాత నేను.
ఎనిమిదిన్నరకి హార్బర్ గేటు దగ్గర
కంటైనర్ల నంబర్లు రాసుకునే పని మొదలయ్యేలోగా
నా రాజ్యానికి రెండు పేజీల ఆయుష్షు పొయ్యాలి.

రాజ్యం పేరు నీలవంక.
పటం కరెంటు బిల్లు వెనక గీశాను.
కాఫీ గ్లాసు అచ్చు పడ్డ చోట సరస్సు పెట్టాను.
కట్టాల్సిన మొత్తం కాగితంలోంచి తేలి
ఉత్తరాన కొండలయింది.
గడువు దాటి ఫ్యూజు పీక్కెళ్ళిన రాత్రి
కొవ్వొత్తి పెట్టుకుని రాసిన అధ్యాయమే
అన్నిట్లోకీ బాగుందంటారు, చదివిన ఆ నలుగురూ.

ఇవన్నీ ఎక్కడ దొరుకుతాయమ్మా అంటే
ఏం చెప్పను?
క్రేను మెడ వంచి
ఓడ కడుపులోంచి ఇనప్పెట్టెని కరుచుకుని లేచేటప్పుడు
కింద నిలబడి చూడండి.
నా మృగానికి రెక్కల్లేవు, అందుకే.

బకింగ్‌హామ్ కాలవ చూడండి, ముక్కు మూసుకునైనా.
మా జేజి సుబ్బరత్తమ్మ
కృష్ణపట్నం వైపు నుంచి ఉప్పు పడవలో
ఆ నీళ్ళ మీదే వచ్చిందట, చాప కింద పడుకుని.
నా కథలో దానికి తలంటి పోసి
మళ్ళీ నడిపించాను.
నడిచినందుకు సుంకం అడిగింది:
దాటేవాళ్ళు తమకి తెలిసిన మాట ఒకటి
నీళ్ళలో వదలాలి. ఇక ఆ మాట వాళ్ళది కాదు.
మా అమ్మాయి చాలాసార్లే దాటినట్టుంది.
మొన్న దూలం అంటే ఏంటంది.

పదకొండు వేలు తగ్గించి పాడిన చీటీ డబ్బుతో
తిరువల్లిక్కేణి సందులో అచ్చు.
పేజీలు కట్టే ఏళుమలైకి తెలుగు రాదు.
నా అక్షరాలు అతనికి
వరసగా ఆరబెట్టిన వడియాలు.
అయినా పేజీ చివర ఒక్క లైను ఒంటరిగా మిగిలితే
ఊరుకోడు, జాలిపడి పైకి లాగుతాడు.
కథేంటక్కా అన్నాడు ఒకరోజు.
అరవంలో చెప్పాను.
నాలుగేళ్ళ రాత
టీ చల్లారేలోగా అయిపోయింది.
అంతా విని ఒకటే అడిగాడు:
"సరే, ఆ మృగం ఏం తింటుంది?"

నాలుగు వందల పేజీల్లో
దానికి ఒక్క పూట కూడు పెట్టలేదు నేను.
అప్పటికే సగం అచ్చయిపోయింది.

మూడు వందల ప్రతులు, మంచం కింద.
ఊడ్చేటప్పుడు చీపురు ఎక్కడ ఆగుతుందో చూసి
ఎన్ని అమ్ముడయ్యాయో చెప్పొచ్చు.
చీపురు పెద్దగా ముందుకి పోదు.
శనివారం పోస్టాఫీసులో నా వంతు రాగానే
గుమాస్తా తూకం రాయి సర్దుకుంటూ
ఇంకా ఉన్నాయా అంటాడు.
ఉన్నాయండీ.

కలిగిరి దగ్గర కోళ్ళఫారం నుంచి ఫోను,
ఆదివారం మధ్యాహ్నం.
చెంచురామయ్యట. రాత్రి కాపలా.
పొగడ్తేమో అనుకుని చెయ్యి తుడుచుకున్నాను.
"మూడో అధ్యాయంలో మీ కోట కాపలాయన
ఎడమచేత్తో తాళం తీశాడు.
పదకొండులో కుడిచేత్తో.
మేం తాళం చెయ్యి మార్చమండీ, చీకట్లో అదే గుర్తు."
కాస్త ఆగి, మిగతాది బాగుంది అన్నాడు.

తప్పేనండీ అన్నాను.
పోపు మాడింది.
రాత్రంతా సిగ్గు, పక్క మీద నాతోనే దొర్లింది.

నాలుగయింది. ఇంజన్లు లేచాయి.
ఒక పక్క ఏళుమలై ప్రశ్న,
ఒక పక్క చెంచురామయ్య తప్పు,
నడుమ తెల్లకాగితం.
తలుపు దగ్గర అతను నిలబడే ఉన్నాడు,
మొదటి భాగం అంతా నిలబడ్డట్టే.
ఎడమ చెయ్యి ఎందుకు వెనక దాచుకున్నావని
ఇన్నాళ్ళూ నేను అడగనే లేదు.

హార్బరుకి ఫోను చేసి
కడుపునొప్పని చెప్పాను.