కొసరు

ముప్పయ్యేళ్ళు తూనికల శాఖలో
రాళ్ళ వెనక సీసం మీద ముద్ర కొట్టినోణ్ణి.
రిటైరయ్యాక చేతిలో గుడ్డసంచి.
అవే మార్కెట్లు, ఈసారి కొనడానికి.

తెల్లారుజామున చిత్తూరు బెల్లం మండీ.
చెప్పు ఎత్తబోతే నేల వదలదు,
ఇంకో మాట మిగిలిందన్నట్టు పట్టుకుంటుంది.
చెంగల్రాయులు తువాలు కింద
కొనేవాడి వేళ్ళు పట్టుకుని ధర చెబుతున్నాడు:
రెండు వేళ్ళు, ఒక నొక్కు, మళ్ళీ అర వేలు.
పైన మొహాలు మాత్రం వాన గురించి మాట్లాడుకుంటున్నాయి.
నల్లబెల్లం ఏ ఊరికి పోతుందో
ఇక్కడ ఎవరూ ఎవర్నీ అడగరు.
అచ్చు అంచున విరిగిన పలుకు నా చేతిలో పెట్టి
"ఇది తూకంలోది కాదులే సార్" అన్నాడు,
ఒకప్పుడు నా జీపు చూసి కాటా దాచినోడు.

పక్క షెడ్డులో టమోటా పాట.
వేలూరు వ్యాపారి అరవంలో లెక్కపెడతాడు,
పెనుమూరు రైతు తెలుగులో నష్టపోతాడు.
ఖాళీ పెట్టె మీద కూర్చుని టీ తాగుతున్నాడు రైతు.
టీ డబ్బులు నేనిస్తానంటే ఒప్పుకోలేదు.

బస్సు పాకాల దాటింది. కిటికీ నిండా మంచు.
దామలచెరువులో మామిడి మండీలు తాళాలేసుకుని
తోతాపురిని మరిచిపోయినట్టు నటిస్తున్నాయి.

తిరుపతి మార్కెట్లో
గుండ్లు చేయించుకున్న కుటుంబం,
చందనం ఆరని తలలతో జామకాయల బేరం.
చిన్నదానికి ఉప్పూకారం కళ్ళలోకెళ్ళి ఏడుపు.
ఎర్రగడ్డలు, గెణుసుగడ్డలు దాటుకుని
కన్నెమ్మ గోనెపట్టా దగ్గరికొచ్చాను.
"మంచు తాగిన అనపకాయ సామీ, వాసన జూడు"
ఒకటి చిదిమి ముక్కు దగ్గర పెట్టింది.
సొన అంటిన వేలు జేబులో దాచుకున్నా
దారంతా వాసనొస్తుంది.

ఆమె తక్కెట్లో రాయి నిజంగా రాయే,
ఏట్లో దొరికే గుండ్రాయి.
నాలో పాత ఉద్యోగం లేచి కూర్చుంది.
ఇరవయ్యేళ్ళ కింద ఈ వరసలోనే
ఇట్లాంటిదాన్నే లాక్కుని కాలవలో విసిరేశాను.
ముసలామె. ఏడవలేదు, తిట్టలేదు.
వంగి ఇంకో రాయి కోసం వెతుక్కుంది.

"ఎంత తూగుతుందమ్మా అది?"
"మాయమ్మ తూచినంత తూగుతాది.
దీనికి ముందర ఇంగొకటి ఉన్నింది,
ఎవురో ఆపీసరు కాలవలో ఏసేసినాడంట."
నవ్వింది. నన్ను చూసి కాదు,
కాయల్లో చెయ్యి పెట్టి కలుపుతూ.
నేను చిల్లర లెక్కపెట్టుకున్నాను.
ఉన్న చిల్లరే మూడుసార్లు.

తక్కెడ సమానమైంది. అక్కడ ఆగాలి, చట్ట ప్రకారం.
ఆమె ఆగలేదు. ఒక గుప్పెడు,
"పిలకాయలుంటారు గదా ఇంట్లో" ఇంకో గుప్పెడు.
లేరని చెప్పలేదు.

ఇంటికొచ్చి, అలవాటు పోదు కదా,
నా కాటా మీద పెట్టి చూశాను.
కిలో మీద నూట నలభై గ్రాములు.
తక్కువైతే ఏ సెక్షనో నిద్రలో లేపినా చెబుతాను.
ఎక్కువైతే ఏం రాయాలో
శాఖ నాకు నేర్పలేదు.

ఒలిచిన గింజలు రాత్రంతా నీళ్ళలో ఉబ్బాయి.
పొద్దున్నే నేనూ సులోచనా
పీటలేసుకుని పితుకుతున్నాం.
వేళ్ళ మధ్య నొక్కితే చాలు,
తోలు ఇటు, పప్పు అటు.
ఒకటి జారి మంచం కిందికి పోయింది.
"పోనిద్దురూ, కొసరే గదా" అంది.

నేను వంగి వెతుకుతూనే ఉన్నాను.