ఇరవై అడుగులు

బరంపురంలో కళ్ళ డాక్టరు
గోడకి మూడు అట్టలు వేలాడదీసి అడిగాడు:
ఏది చదువుతావమ్మా, ఒడియానా, ఇంగ్లీషా, తెలుగా?
గొడుగులు పట్టిన అక్షరాలూ
తలకట్లు పెట్టుకున్న అక్షరాలూ
నాకు ఒకే ముసురులో తడిసి కనిపించాయి.
ఏదైనా ఒకటే సార్, అన్నాను.

రెప్ప వేయడం మరిచిపోతున్నావు, అన్నాడు.
రెప్ప వేయడానికి కూడా చీటీ రాసిస్తారని
నాకప్పుడే తెలిసింది.
ఇరవై నిమిషాలకోసారి
ఇరవై అడుగుల అవతలికి
ఇరవై సెకన్లు చూడాలట.

పర్లాకిమిడిలో మా మేడగది
ఈ గోడ నుంచి ఆ గోడకి తొమ్మిదడుగులు.
ఇందులోనే నా మంచం,
విశాఖ ఆఫీసు పంపిన కంప్యూటరు,
ఎవరెవరివో ఆస్పత్రి బిల్లులు.
ఇవాళ పదకొండోది శుక్లం ఆపరేషన్‌ది.
కుడి కన్ను. లెన్సు ఖరీదు విడిగా వేశారు.
అంకెలు అలుక్కుపోతే
చేపలో ముల్లు వెతికినట్టు
మొహం తెరకి ఆనించి చూశాను.

టీం లీడరు జోగారావు ఫోను:
ఒక్క తప్పు పోకూడదు హైమా,
కళ్ళల్లో వత్తులేసుకుని చూడు.
వేసుకునే ఉన్నాను సార్,
నూనే అయిపోయింది.
రోజుకి నాలుగు చుక్కలు పోస్తున్నాను,
సీసా నూట ఎనభై.

కిటికీ తీశాను.
సందుకి అవతల, ఇరవై ఉంటుందేమో,
భగవాన్ మహారణా అరుగు.
గేదెకొమ్ముని ఆకురాయితో రుద్దుతున్నాడు.
కొంగ అవుతోంది అది.
మెడ వచ్చింది, ముక్కు వచ్చింది,
కన్ను రాలేదు.
ఇరవై సెకన్లు నాకు చాల్లేదు.
కన్నేదీ మామా, అని అరిచాను.
వేలి కొసన ఇత్తడి తీగ ముక్క చూపించి
తన తెలుగులో అన్నాడు:
"ఆఖర్నే పెడతానమ్మా.
ముందే పెట్టీస్తే
ఈ రాపిడంతా అది చూస్తుండాలి కదా."

కరెంటు పోయింది.
ఇన్వర్టరు రెండు కూతలు కూసి చేతులెత్తేసింది.
తెర ఆరినా దాని చదరం
రెప్పల లోపల పచ్చగా వెలుగుతూనే ఉంది.
దాన్నలాగే మహేంద్రగిరి వైపు తిప్పాను.
సందె కొండ మీద కాసేపు
ఎవరింటి కిటికీయో అన్నట్టు నిలిచి
అంచులు కరిగి పోయింది.

ఇంకా పందొమ్మిది బిల్లులున్నాయి.

కింద తగరం డబ్బా దొర్లిన చప్పుడు.
అరుగంతా తడుముకుంటున్నాడు మామ.
"అమ్మా, ఆ తీగ ముక్క
నీకేమైనా కనబడతందా?"
చీకట్లో తల పైకెత్తి
నన్ను,
నన్ను అడుగుతున్నాడు.