ఆలస్యంగా వేసిన పాస్

హార్లింగెన్ రేవులో చేపల వేలంలో
ముప్పయ్యొక్క ఏళ్ళు కూర్చున్నాను.
అక్కడ పాట కిందినుంచి ఎక్కదు.
గోడమీది గడియారంలో ధర
పైనుంచి జారుతూ వస్తుంది.
తొందరపడ్డావా, చేపకి మించి కడతావు.
ఆగావా, పెట్టె పక్కవాడిది.
మీట మీద వేలు,
ఊపిరి బిగబట్టిన గది,
రొయ్యల నీచు, ఎవరూ మాట్లాడరు.
"డూకేది వేలు కాదు, కొంగముక్కు"
అనేవాళ్ళు తోటి బేరగాళ్ళు.

ఇప్పుడు గురువారం రాత్రులు
నావికుల చర్చి వెనక హాల్లో
గుడ్డ పరిచిన బల్లమీద
ఇంకో రకం వేలం.
ఇక్కడ పాట ఎక్కుతుంది.
ఎక్కిన ప్రతి మెట్టుకీ ఒక పట్టు బాకీ.
ఇక్కడా ఎవరూ నోరు విప్పరు,
పెట్టెలోంచి తీసిన అట్టలే అన్నీ అంటాయి.
ఆగమని చెప్పే గడియారం మాత్రం లేదు.

నిన్న, నాలుగో బల్ల.
విట్సే ఒక ఆఠీను అన్నాడు.
నాకు రాజూ జాకీతో అయిదు ఇస్పేట్లు,
ఒక ఇస్పేటు అన్నాను.
ట్యిట్స్కే రెండు ఆఠీన్లు.
నా జోడీ బౌక్యే రెండు ఇస్పేట్లు.
విట్సే, గడ్డం గోక్కుంటూ, మూడు ఆఠీన్లు.

ఇక నా వంతు.

నావి అయిదు. ఆమెవి మూడా, నాలుగా?
మూడైతే మాకు ఎనిమిది,
ఎనిమిదితో రెండో మెట్టు దాటకూడదు.
నాలుగైతే తొమ్మిది, ఇంకో మెట్టుకి ధైర్యం ఉంది.
నా దగ్గర ఆఠీను రాణి,
తోడుగా ఒకే ఒక్క చిన్న ముక్క.
మా ఆటలో అది దమ్మిడీకి కొరగాదు,
వాళ్ళ ఆటలో కాలికి అడ్డం పడొచ్చు.
చెయ్యి పెట్టె దాకా వెళ్ళింది.
ఇస్పేట్ల అట్ట అంచు తాకింది.
వెనక్కొచ్చింది.
బయట దీవికి వెళ్ళే ఆఖరి పడవ కూత పెట్టింది.
కూత ఆగాక
పచ్చ అట్ట తీసి పెట్టాను. పాస్.

అప్పటికే చాలా చెప్పేశాను.

తడుముకుని వేసిన పాస్ పాస్ కాదు.
"నా దగ్గర ఇంకా ఉంది, నువ్వు ఎక్కు" అని
జోడీ చెవిలో ఊదడం.
బల్ల చుట్టూ అందరూ విన్నారు.
విన్నది విననట్టు ఆడాల్సింది ఒక్క బౌక్యే.
ట్యిట్స్కే పాస్.
బౌక్యే ముక్కలు మూసింది, విప్పలేదు.
పాస్. వెంటనే.

ఆసు వేశాడు విట్సే, దాని వెనకే రాజు.
నా రాణి మారుమాట లేకుండా పడిపోయింది.
సరిగ్గా తొమ్మిది పట్లు.
వాళ్ళ ఖాతాలో నూటనలభై.
చీటీలో చూస్తే తక్కిన బల్లల్లో
మా వైపువాళ్ళు మూడు ఇస్పేట్లు పాడి
తొమ్మిదీ లాక్కున్నారు.

సైకిళ్ళ దగ్గర గాలి చెవులు కోస్తోంది.
తాళం తీస్తూ, నావైపు చూడకుండా,
"నాలుగున్నాయి" అంది బౌక్యే.
"మరి..."
"నువ్వు చప్పున పాస్ అని ఉంటే
నేనే మూడు అనేదాన్ని.
నీ చెయ్యి అంతసేపు గాల్లో ఊగాక
నేనెలా అంటాను? దొంగపాట అవుతుంది."

చర్చిల్లో ఆర్గన్లు శ్రుతిచేసే మనిషి ఆమె.
మూగబోయిన గొట్టం ఫరవాలేదట,
ఇట్టే బాగుచెయ్యొచ్చట.
గాలి కారుతూ సన్నగా మూలిగే గొట్టంతోనే
ప్రార్థన మొత్తం చెడుతుందట.
కోపంగా చెప్పలేదు. టోపీ చెవుల మీదికి లాక్కుని
కాలవ వైపు తిరిగిపోయింది.

నేను రేవు దారిన వచ్చాను.
వేలం హాలు చీకటిగా ఉంది,
గడియారం ఎప్పుడో విప్పి తీసుకుపోయారు.
సైకిల్ బెల్లు మీద బొటనవేలు పెట్టాను.
కొట్టాలా, వద్దా.
ఎదురుగా ఎవరూ లేరు, ఏ చేపా లేదు,
ఏ ఇస్పేటూ లేదు.
ఒకటి, రెండు,
కొట్టేశాను.
కట్టమీద నిద్రపోతున్న నీటికాకులు
తిట్టుకుంటూ లేచాయి.