జోడు సున్నా

నలభై ఏడు డాలర్లు.
మంచం మీద పరిచి మూడుసార్లు లెక్కపెట్టాడు అన్న యాడియెల్.
ఎన్నిసార్లు లెక్కపెట్టినా నలభై ఎనిమిది కాలేదు.

నాన్న కరోలా మాకంటే మర్యాదస్తురాలు.
కంపెనీ వాళ్లిచ్చిన ఆ స్టీరియోలో
కొంగా డోలు మీద దెబ్బ పడితే
పక్కింట్లో ఎవరో అట్టపెట్టె తట్టినట్టుండేది.
పాటకి తల ఉంది, భుజాలున్నాయి,
నడుం కింద ఏమీ లేదు.

"దాని ముఖం జోలికి పోకు," అన్నాడు నాన్న,
"వెనకాల ఏం చేసుకుంటావో నీ ఇష్టం."
ఆ మాటే మాకు ప్లాను గీసిచ్చింది.

పాత సామాన్ల యార్డులో పది అంగుళాల సబ్‌వూఫర్, పద్దెనిమిది.
నెరెయిదా అత్త కొడుకు దగ్గర యాంప్లిఫయర్,
పన్నెండు, పైన ఒక అరటిగెల.
వెనక స్పీకర్ల తీగల్లోంచి పాటను దొంగిలించే డబ్బీ తొమ్మిది.
మిగిలిన ఎనిమిదీ వైర్లకీ ఫ్యూజుకీ సరి.

చెక్క తుఫాను ఇచ్చింది.
ఆ ఏడు కిటికీలకు కొట్టిన ప్లైవుడ్డు
షెడ్డు గోడకి ఆనుకునే ఉంది,
నాన్న ఎర్రరంగుతో రాసిన రాతతో సహా:
లోపల మనుషులున్నాం.
యాడియెల్ రంపం పెట్టాక
"లోపల" ఒక పలకకీ
"మనుషులున్నాం" ఇంకో పలకకీ పోయాయి.
టార్చి పట్టుకున్నది నేను. మేకు పట్టుకున్నదీ నేనే.
బొటనవేలి గోరు ఇంకా నల్లగానే ఉంది.

పెట్టె చిన్నదైపోయింది.
దూది కుక్కితే శబ్దం మోసపోయి
చోటు చాలా ఉందనుకుంటుందట.
అమ్మమ్మ దిండు విప్పాం.
ఎలుక కొట్టిందని చెప్పాం.
ఆవిడ ఏమీ అనలేదు,
ఆ రాత్రి నా కంచం పక్కన చిన్న చీజు ముక్క పెట్టింది.

బ్యాటరీ దగ్గర ఫ్యూజు, కార్పెట్టు కింద వైరు,
సీటు బోల్టు దగ్గర రంగు గీకి ఎర్తు.
శనివారం సాయంత్రం తాళం తిప్పాడు.

మొదట చెవికి ఏమీ అందలేదు.
వెనకద్దంలో ఆకాశం వణికింది.
సీటు నా తొడల కింద ఊపిరి తీసుకుంది.
అప్పుడు పాటకి కాళ్లొచ్చాయి.

దాంతోపాటే, వెనక ఎడమ తలుపులో
టకటక టకటక.

నంబర్ ప్లేటు వెనక సైకిల్ ట్యూబు ముక్క పెట్టాం. అది కాదు.
డిక్కీలో జాకీకి గుడ్డ చుట్టాం. అదీ కాదు.
చివరికి తలుపు పలక ఊడదీసి
దూడను లాగే పశువుల డాక్టరులా
మోచేతి దాకా చెయ్యి పెట్టాడు యాడియెల్.
బయటికొచ్చింది డొమినో బిళ్ల.
జోడు సున్నా.

నిండు కుండ తొణకదు, సరే.
ఒక్క చుక్కా లేని ఈ బిళ్ల
ఏడేళ్లు నోరెలా మూసుకుందో!

దీన్ని నువ్వే దాచావని
పక్కింటి గుమెర్సిందో ఒక మాట అన్నాడు,
నాన్న ఆట మధ్యలో బల్ల మడిచి ఇంటికి తెచ్చేశాడు.
అప్పట్నుంచీ కంచె దాటి వెళ్లేవి
కెనెపా కాయలు, కోళ్లు, అంతే.
అప్పుడు నాకు ఐదేళ్లు.
సందు కనిపిస్తే చాలు ఏదో ఒకటి వేసేదాన్నని
అమ్మ ఇప్పటికీ నవ్వుతుంది.
నేను నా నల్లగోరు చూసుకుంటూ నిలబడ్డాను.

"ఆపుతారా లేదా!
గ్లాసులో నా పళ్లు డాన్సు చేస్తున్నాయి!"
బనీనుతో, పళ్లు లేకుండానే వచ్చేశాడు గుమెర్సిందో.
యాడియెల్ అరచెయ్యి చాపాడు.

ముసలాయన బిళ్లను తీసుకుని
బొటనవేలితో రెండు వైపులా తడిమాడు,
చుక్క ఏమైనా మొలిచిందేమోనన్నట్టు.
తర్వాత వెనక తలుపు తీసుకుని కూర్చున్నాడు.
"డ్యూటీ ఎన్నింటికి దిగుతాడు మీ నాన్న?"
"పదింటికి."
"ఊఁ."
బిళ్ల పిడికిట్లోనే ఉంది.

ఆయన్ని లెమ్మనలేక
ఆయన మోకాళ్ల పక్కనుంచే పలక బిగించాం.
ఒక క్లిప్పు దొరకలేదు.
ఆ తలుపు ఇంకా
కొంచెం కొంచెం మాట్లాడుతోంది.