చిల్లర బాకీ

మండిబజార్ కంసాలి గల్లీ మోరీల
మట్టి కడిగే బాలనర్సమ్మ
బంగారు రవ్వకు బదులు దొరికిన బిళ్లను
నా అరచేతిల ఏసింది:
"నీ పిచ్చికి పనికొస్తదా, కండక్టర్ సాబ్?"

ముప్పయ్యేండ్లు మంథని బస్సుల
చీకట్లనే బొటనవేలితో
పావలా ఏదో, అఠాణా ఏదో చెప్పినోణ్ణి.
ఇది ఏ లెక్కకూ అందలే.

చింతపండుతో తోముదామన్నది. వద్దన్న.
చిలుం పోతే మొఖమే పోతది.

మూడు దినాలు మంచినీళ్లల్ల నానబెట్టి
వెదురుపుల్లతో గీకిన.
ముత్యాల పట్టీ కట్టిన తల,
చుట్టూ సగం అరిగిన పేరు.
వెనక, గుర్రం మీంచి పడ్డోడు,
పొడవబోతున్న సిపాయి.
కింద టంకశాల గుర్తుల మూడక్షరాలే మిగిలినయి.
రెండు గ్రాముల కంచు. రోముది.
ఈ మోరీ దాకా ఎవరి కొంగుముడిల వచ్చిందో
పుస్తకంల లేదు.

పడ్డోడు చెయ్యెత్తి ఆగుమంటున్నడు.
పదహారు వందల ఏండ్ల సంది
ఈటె ఇంకా దిగలే.

ధర చూపెట్టిన. "గింతేనా, రాజు బొమ్మకు?"
మూడొందలు. జేబుల రెండే ఉన్నయి.
పాత టికెట్ ఎనక నూరు రాసి, సున్న చుట్టి,
దిగేటప్పుడు అడిగి తీసుకో అన్న, అలవాటుగ.

"ముందుగాల దిగేది ఎవలు,
నువ్వా, నేనా?" అన్నది
తట్ట ఎత్తుకుంట.